సత్తు తట్ట

ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి జంతుశాస్త్రం పుస్తకంలోని ఆ మెట్లు గుర్తుండే ఉంటాయి. కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం, అవయవాలు కలిస్తే వ్యవస్థ. కుప్పంలో మా మాస్టారు దీన్ని ఎక్కాల్లా వల్లె వేయించేవారు (మధ్యమధ్య అరవం కలిపి!). పాఠం ఎప్పుడూ కింది నుంచి పైకే సాగేది. మా ఇంటికి వచ్చిన జబ్బు మాత్రం పై మెట్టు నుంచి దిగింది. ముందు మనిషి, తరువాత ఊపిరితిత్తులు, చిట్టచివరన ఒక కణం.

1974లో మా తాతకు దగ్గు పట్టుకుంది. పుంగనూరులో చింతపండు వ్యాపారం ఆయనది. ఏడాదిలో సగం రోజులు గుడియాత్తం, వేలూరు వైపే తిరిగేవాడు. పగలు బాగానే ఉండేవాడు. రాత్రి రెండో జాము దాటాక మొదలయ్యేది దగ్గు, పిల్లికూతలు. కూర్చుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. మనిషి చిక్కిపోయాడు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు. చూసిన డాక్టరుగారు ఒక్క మాటలో తేల్చేశారు, క్షయ అని. గళ్ళ తెమడ పరీక్ష చేయించిన గుర్తు మా ఇంట్లో ఎవరికీ లేదు. స్ట్రెప్టోమైసిన్ సూదులు మొదలయ్యాయి.

ఆ రోజు నుంచి తాత మకాం వీధి అరుగు మీదికి మారింది. ఆయనకొక సత్తు తట్ట, ఒక సత్తు చెంబు వేరుగా పెట్టారు. అవ్వ సంగటి ముద్ద ఆ తట్టలో పైనుంచి జారవిడిచేది. ఎనిమిదేళ్ళవాణ్ణి, నన్ను ఆ వైపు పోవద్దన్నారు. పోలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఒకనాడు ఆయన బెల్లం ముక్క చూపించి దగ్గరికి పిలిస్తే, ముక్కు మూసుకుని పరుగెత్తాను. దాన్ని ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

మూడు నెలల సూదులకూ దగ్గు తగ్గకపోయేసరికి మా నాన్న ఆయనను మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంకు తీసుకెళ్ళాడు. 1915లో పలు మిషన్ సంస్థలు కలిసి తెరిచిన క్షయ ఆసుపత్రి అది. తాత ఇక తిరిగి రాడనే అనుకున్నాం. వారం తిరక్కుండానే వచ్చాడు! తెమడలో క్షయ క్రిములు లేవట. నెత్తురు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూస్తే తెల్ల కణాల్లో నూటికి అరవైకి పైగా ఒకే రకమట. ఆ కణాల పేరు ఇయోసినోఫిల్స్. అవి మామూలుగా నూటికి నాలుగైదు మించవు.

ఇది వాళ్ళకు కొత్త సంగతి కాదని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆ శానటోరియం మొదటి సూపరింటెండెంటు, డెన్మార్కు దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమోట్-మోలర్, డాక్టర్ బార్టన్‌తో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం రాశాడు. క్షయ అనిపించి క్షయ కాని జబ్బు, నెత్తురులో ఈ కణాలు విపరీతంగా పెరిగే జబ్బు గురించి. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అని పేరు పెట్టాడు. పేరు ఆయన పెట్టినా, మూడేళ్ళ ముందే మదనపల్లెలో గుర్తించారని చెప్పుకోవడంలో నాకు కొంచెం ఊరి గర్వం ఉంది. క్షమించండి.

దోమ కాటుతో ఒంట్లోకి చేరిన బోదకాలు పురుగుల పిల్లలు నెత్తురులో తిరుగుతూ ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో చిక్కుకుంటాయి. అక్కడ ఒళ్ళు వాటి మీద విరుచుకుపడుతుంది. పురుగులను చంపడానికి ఇయోసినోఫిల్స్ గుంపులుగా వచ్చి తమ లోపలి గుళికలను కుమ్మరిస్తాయి. పురుగులతో పాటు పక్కనున్న సొంత కణజాలమూ దెబ్బతింటుంది. గాలి గొట్టాలు బిగుసుకుంటాయి. అంటే తాత దగ్గులో సగం దోషం కావలివాళ్ళది. ఇంకో మాట. ఈ జబ్బు ఒకరి దగ్గు నుంచి ఒకరికి అంటదు.

మందు హెట్రజాన్ మాత్రలు, మూడు వారాలు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆ మందు తయారైనప్పుడు పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తాతకు ఈ సంగతి తెలియదు. నాలుగో రోజుకే రాత్రి నిద్రపోయాడు.

తట్ట మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. ఎవరూ తియ్యమనలేదు, ఆయనా అడగలేదు.

1983 దసరా సెలవులకు కుప్పం నుంచి బస్సెక్కి, వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు వచ్చాను. సంచిలో రికార్డు పుస్తకం ఉంది. అందులో రెండు తమ్మెల కేంద్రకం, గులాబీ రంగు గుళికలతో నేను వేసిన ఇయోసినోఫిల్ బొమ్మ. అరుగెక్కి తాతకు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఎంత ఉంటుంది నాయనా ఇది?"

"కంటికి కనపడదు తాతా."

"కనపడదా," అని పుస్తకం నా చేతికిచ్చేశాడు.

ఆ రాత్రి అవ్వ వంటింట్లో ఆయనకూ పీట వేసి, అందరిలాగే కంచం పెట్టింది. నేను చెప్పినందుకో, మరెందుకో. తాత లోపలికి వచ్చి కంచాన్ని చూశాడు. గూట్లో ఉన్న సత్తు తట్ట తనే తీసుకుని, అందులో సంగటి పెట్టించుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు. నా కంచం పట్టుకుని వెనకాలే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చలిగాలి, లోపలికి పో," అన్నాడు.

పోలేదు. ఆ పూట సంగటిలోకి ఉలవచారు.