కంటికి ఆనని సముద్రం

స్వాల్‌బార్డ్ దీవుల్లో లాంగియర్‌బ్యెన్ నుంచి చిన్న విమానం ఎక్కితే అరగంటలోపే న్యూ ఓలెసుండ్‌లో దిగుతాం. 79వ ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన ఉన్న ఈ ఊరు ఒకప్పుడు బొగ్గు గనులది. 1962లో పేలుడుకు 21 మంది బలయ్యాక గనులు మూతపడ్డాయి. ఇప్పుడిక్కడ పలు దేశాల పరిశోధన కేంద్రాలున్నాయి. మన ‘హిమాద్రి’ 2008 నుంచి ఇక్కడే ఉంది. సున్నితమైన రేడియో యాంటెన్నాలకు అడ్డు రాకూడదని ఊళ్లో వైఫై, బ్లూటూత్ వాడనివ్వరు. కాబట్టి చూడ్డానికి ఎదురుగా ఉన్న కాంగ్స్‌ఫియోర్డెన్ ఒక్కటే మిగులుతుంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. వేసవిలో దాని కొసన హిమానీనదాలు విరిగిపడుతుంటాయి, కరిగిన నీటితో వచ్చిన మట్టి అలల మీద తేలుతుంటుంది. నౌకల్లో వచ్చే పర్యాటకులు ఫొటోలు తీసుకునేది వీటినే. ఆర్కిటిక్ మార్పుకు వేసవి యాత్రికుడి కన్ను నమ్మదగిన సాక్షి కాదని, ఆ యాత్రికుల్లో ఒకడిగానే వాదించదలిచాను. అసలు మార్పు నీటి కింద, అదీ ఎక్కువగా చలికాలంలో జరుగుతోంది.

నీటి కింద వేడి ఉందన్న సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. 1893–96 మధ్య నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ‘ఫ్రామ్’ నౌకను కావాలనే మంచులో బిగించి ధ్రువ సముద్రం మీద కొట్టుకుపోనిచ్చాడు. చల్లని పైపొర కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని నీరున్నట్టు ఆ యాత్ర కొలతల్లో తేలింది. వెచ్చనిదైనా ఆ నీటిలో ఉప్పు ఎక్కువ, అందుకే బరువెక్కి అడుగునే ఉంటుంది. పైనున్న తక్కువ ఉప్పు నీరు గిన్నె మీద మూతలా దాని వేడిని ఆపుతుంది. మంచు నిలిచిందే ఆ మూత వల్ల. స్వాల్‌బార్డ్ పడమటి తీరం వెంట పారే ప్రవాహం ఈ అట్లాంటిక్ నీటిని ఉత్తరానికి మోసుకెళ్తుంది. కాంగ్స్‌ఫియోర్డెన్ ముఖద్వారంలో దాన్ని ఆపేంత ఎత్తైన గట్టు లేదు, గాలి అనుకూలిస్తే నేరుగా లోపలికి వచ్చేస్తుంది. 2006 శీతాకాలంలో అదే జరిగింది. ఆ తర్వాత ఈ ఫియోర్డ్‌లో శీతాకాలపు మంచు బాగా తగ్గిపోయింది, మునుపటిలా గడ్డకట్టిన ఏళ్లు అరుదు. చలికాలంలో మంచు పలచబడితే గాలి తాకిడికి నీరు లోతుదాకా కలుస్తుంది, అడుగు వేడి పైకొస్తుంది, దాంతో మంచు ఇంకా తగ్గుతుంది. నీటితోపాటు జీవులూ మారుతున్నాయి. ధ్రువప్రాంతపు కాడ్ చేప ఉండే చోటికి దక్షిణాది అట్లాంటిక్ కాడ్ చేరుతోంది. బారెంట్స్ సముద్రంలోనూ, యురేషియన్ లోతట్టులోనూ ఇదే ధోరణి కనబడింది. శాస్త్రవేత్తలు దీన్ని ‘అట్లాంటికీకరణ’ అంటున్నారు.

ఒక ఫియోర్డ్‌ను చూసి సముద్రం మొత్తాన్ని నిర్ణయిస్తారా అని అడిగేవారున్నారు. 1920, 30 దశకాల్లోనూ స్వాల్‌బార్డ్ వేడెక్కిందిగా అనీ అంటారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. 2006 నాటి చొరబాటులో గాలుల పాత్ర ఉంది, సహజ ఒడుదొడుకులను కొట్టిపారేయలేం. కానీ అప్పటి వేడి ప్రధానంగా అట్లాంటిక్ వైపున పెరిగి, కొన్ని దశాబ్దాలకు వెనక్కి తగ్గింది. ఇప్పటిది ఆర్కిటిక్ అంతటా ఉంది. 1979 నుంచి ఈ ప్రాంతం ప్రపంచ సగటుకన్నా దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కినట్టు 2022లో ఫిన్లాండ్ పరిశోధకులు లెక్కగట్టారు. సెప్టెంబర్ మంచు విస్తీర్ణం దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతోంది. 2012లో సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయిన రికార్డు ఇంకా చెక్కుచెదరలేదని, అంటే మంచు కోలుకుంటోందని కొందరి మాట. రికార్డు ఒక్క ఏడాది సంగతి. ఆ తర్వాతి ఏ సెప్టెంబరూ 1980ల స్థాయికి చేరలేదు. పైగా విస్తీర్ణం ఎంతో చెప్పే ఉపగ్రహ చిత్రం మందం ఎంత తగ్గిందో చెప్పదు. ఏళ్ల తరబడి నిలిచే దళసరి మంచు ఇప్పుడు కొద్దిగానే మిగిలింది.

ఈ వాదులాట తేలాలంటే ఒకే చోట, ఏడాది పొడవునా, ఏళ్ల తరబడి కొలవాలి. 2014 జులైలో మన శాస్త్రవేత్తలు ఈ ఫియోర్డ్‌లో, 192 మీటర్ల లోతున్న చోట, ‘ఇండార్క్’ పేరుతో లంగరేసి పరికరాల వరుసను దింపారు. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, నార్వే ధ్రువ సంస్థ అందులో పాలుపంచుకున్నాయి. సూర్యుడు నెలల తరబడి ఉదయించని కాలంలోనూ అది ఉష్ణోగ్రత, ఉప్పదనం నమోదు చేస్తూనే ఉంటుంది. మనుషులకన్నా ఆ పరికరమే ముందు చలికాలపు కాపురం పెట్టింది. హిమాద్రికి మన తొలి శీతాకాల బృందం 2023 డిసెంబర్‌లోగానీ వెళ్లలేదు.

ఇంత దూరం మనకెందుకు అంటే, రుతుపవనాలతో దీనికి సంబంధం ఉందని చాలామంది ఠక్కున జవాబిస్తారు. ఆ లంకె మీద పరిశోధన సాగుతోంది, ఇంకా తేలలేదు. తేలనిదాన్ని చూపించి డబ్బు అడగడం నాకు నచ్చదు, రేపు ఆ లంకె బలహీనమని తేలితే కొలతలకూ గండి పడుతుంది. భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో సుమారు 90 శాతాన్ని సముద్రాలే మింగుతున్నప్పుడు, ఆ వేడి ఎటు పోతోందో తెలుసుకోవడానికి వేరే సాకు అక్కర్లేదు. కాబట్టి హిమాద్రి వార్త ఈసారి కనబడితే ఎందరు వెళ్లారని కాకుండా, నీటి అడుగు లెక్కలు ఏటేటా తెగకుండా వస్తున్నాయా, వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతున్నారా అని అడగండి.