రథానికున్న గడువు వంతెనకేది?

2020 సెప్టెంబర్ 6 తెల్లవారుజామున అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయింది. ప్రభుత్వం 95 లక్షల రూపాయలు మంజూరు చేసింది, 2021 ఫిబ్రవరిలో రథసప్తమికల్లా కొత్త రథం సిద్ధమైంది. అదే మండలంలోని సఖినేటిపల్లి నుంచి నది అవతలున్న నరసాపురం వెళ్లాలంటే మాత్రం పంటు ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఇక్కడ వశిష్ఠ గోదావరి మీద వంతెన మాట దశాబ్దాలుగా వింటూనే ఉన్నాం. "సంక్షేమ పథకాలు ఆపేస్తే వంతెన వచ్చేస్తుంది" అనేవాళ్లున్నారు. పథకాలు ఇంతగా లేని రోజుల్లోనూ అది రాలేదుగా!

"లక్షల రథానికీ వందల కోట్ల వంతెనకూ పోలికేంటి?" అనొచ్చు. ఖర్చులో పోలిక లేదు, నిజమే. కానీ రథానికి పండగ తేదీ ఉంది, తప్పితే జనం నిలదీస్తారన్న భయం ఉంది. వంతెనకు ఆ రెండూ లేవు. అందుకే, పార్టీ ఏదైనా, ఏటా ఎంత ఇస్తారో, ఏ ఏడాదికి పూర్తిచేస్తారో బడ్జెట్‌లో రాయమని అడుగుదాం.