చక్రాల పెట్టె వెనుక చేతులు



రేకు ట్రంకుపెట్టెను తలమీద పెట్టుకొని బస్సు స్టాండుకు నడచిన రోజులు మీలో అనేకులకు జ్ఞాపకముండే ఉంటాయి. నేడు మన పల్లెలలో కూడా చక్రాల సూట్‌కేసులు కనబడుతున్నాయి. గల్ఫు దేశాలకు వెళ్లే తమ్ముళ్లు, నర్సింగు ఉద్యోగాలకు వెళ్లే ఆడపిల్లలు వాటిని గుడి వీధిలో లాగుకొని పోతుంటే ఆ చప్పుడు ఊరంతటికీ వినబడుతుంది.

ఈ పెట్టెకు చక్రాలు వచ్చిన కథ చిన్నదే. అమెరికాలో సూట్‌కేసుల కంపెనీలో పనిచేసే బెర్నార్డ్ సాడో 1970లో కుటుంబంతో విహారయాత్ర నుండి తిరిగివస్తూ, విమానాశ్రయంలో ఒక పనివాడు బరువైన యంత్రాన్ని చక్రాల పలకమీద సునాయాసంగా నెట్టుకుపోవడం చూశాడు. పెద్ద పెట్టెకు నాలుగు చక్రాలు, లాగడానికి ఒక పట్టీ అమర్చాడు. 1972లో పేటెంటు వచ్చింది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ పెట్టెను నిలువుగా నిలిపి, రెండు చక్రాలు, పైకి లాగితే సాగే పిడి పెట్టాడు. ఆ పిడే నేడు మన చేతిలో ఉన్నది.

మా పెద్దమ్మాయి కువైట్‌లో నర్సు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఆమె పెట్టెలు రెండింటికీ చెరొక చక్రం విరిగింది. తిరుగు ప్రయాణానికి ఎనిమిది రోజులే ఉన్నది. కొత్తవి కొనాలంటే ఆమె మాకు తెచ్చిన డబ్బులో నుండే తీయాలి. మేమిద్దరం వాటిని పట్టణంలో బ్యాగులు బాగుచేసే అతని దగ్గరకు తీసుకుపోయాము. మొదటి పెట్టెలో లోపలి గుడ్డకు జిప్పు ఉన్నది. జిప్పు తీసి, రెండు స్క్రూలు విప్పి, కొత్త చక్రం వేసి పది నిమిషాలలో ఇచ్చాడు. రెండవదానిలో గుడ్డను అతికించేశారు, చక్రాన్ని రివెట్లతో కొట్టేశారు. గుడ్డ కోసి, రివెట్లు డ్రిల్లుతో తొలిచి, మళ్లీ కుట్టేసరికి సాయంత్రమైంది.

ఈ తేడా ఎందుకని మా అక్కగారి అబ్బాయిని అడిగాము. అతడు నాశిక్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూట్‌కేసులు బిగించే వరుసలో పనిచేస్తున్నాడు.

"పిన్నీ, పెట్టె ఎంత త్వరగా తయారవుతుందనేది మా చేతుల వేగం కంటే ముందు, దాన్ని గీసినవాళ్ల కాగితం మీదే తేలిపోతుంది" అన్నాడు.

బూత్రాయిడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు ఆచార్యులు ఈ విషయాన్ని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు. 1991లో అమెరికా ప్రభుత్వం వారికి జాతీయ సాంకేతిక పతకం ఇచ్చింది. ప్రతి భాగాన్నీ మూడు ప్రశ్నలు అడగమన్నారు వారు. ఇది పక్క భాగంతో కలియక వేరుగా కదలాలా? వేరే లోహమో పదార్థమో అయి తీరాలా? ఇది విడిగా లేకపోతే మిగతావి బిగించడానికి గాని విప్పడానికి గాని వీలుపడదా? మూడింటికీ 'కాదు' అనే జవాబు వస్తే, దాన్ని పక్క భాగంలో కలిపేయవచ్చు.

చక్రాన్నే తీసుకోండి. అది తిరగాలి గనుక వేరుగా ఉండవలసిందే. ఇరుసు ఉక్కుదై ఉండాలి గనుక అదీ వేరే. అయితే చక్రాన్ని పట్టుకొనే గూడు, దానిపై మూత, అంచు మూడూ ఒకే ప్లాస్టిక్ ముక్కగా పోత పోయవచ్చు. గూటికి రెండు కొక్కేలు పెడితే అది పెట్టెలో తనంతట తానే సరియైన చోట కూర్చుంటుంది. ఎడమది కుడివైపు పట్టకుండా ఆకారం మార్చితే పొరపాటుకు తావే లేదు. అన్ని చోట్లా ఒకే కొలత స్క్రూ వాడితే పనివాడు మాటిమాటికీ పనిముట్టు మార్చనక్కరలేదు.

మా అబ్బాయి లెక్క చెప్పాడు. ముందు చక్రానికి నాలుగు చొప్పున పెట్టెకు 16 స్క్రూలు. కొక్కేలు వచ్చాక చక్రానికి రెండే, అనగా 8. రోజుకు 300 పెట్టెలైతే 2,400 స్క్రూలు తగ్గినట్టే. "అంతకుముందు రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా మణికట్టు తిరిగేది కాదు పిన్నీ" అన్నాడు. ఆ మాటకు మాకు కన్నీళ్లు వచ్చాయి.

"మరి స్క్రూలు తగ్గితే మనుషులు తగ్గరా?" అని వాళ్ల బాబాయి అడిగారు.

అతడు కొంతసేపు మాట్లాడలేదు. "తగ్గారు బాబాయ్. మా వరుసలో ముగ్గురు తగ్గారు. ఇద్దరిని జిప్పులు కుట్టే విభాగంలోకి తీసుకున్నారు. ఒకతను ఊరికి వెళ్లిపోయాడు" అన్నాడు.

ఈ మాటను మేము దాచడం లేదు. పని తేలిక చేయడం మంచిదే. కాని తేలికైన పనిలో మిగిలిన లాభం ఎవరికి చేరుతుందనేది గీత గీసే ఇంజనీరు ఒక్కడు తేల్చేది కాదు, యజమాని కూడా తేల్చాలి.

మరొక సంగతి. త్వరగా బిగించడానికి రెండు దారులున్నాయి. టక్కున పట్టి మరి ఊడని కొక్కెం ఒకటి, టక్కున పట్టి అవసరమైనప్పుడు విడివడేది మరొకటి. ఫ్యాక్టరీలో రెండింటికీ పట్టే సమయంలో తేడా కొద్దిగానే ఉంటుంది. మన ఇంటికి వచ్చాక మాత్రం మొదటిది పెట్టెను చెత్తకుప్పకు చేరుస్తుంది, రెండవది ఇంకా కొన్నేళ్లు ప్రయాణం చేయిస్తుంది.

సామ్సొనైట్ అనే పేరు మీరు విని ఉంటారు. 1910లో డెన్వరులో కంపెనీ ప్రారంభించిన జెస్సీ ష్వేడర్, తన పెట్టె గట్టితనాన్ని చాటడానికి బైబిలులోని సమ్సోను పేరు దానికి పెట్టాడు. బలం మంచిదే. అయితే ఎంతటి బలమైన పెట్టెకైనా ఏదో ఒకనాడు చక్రం అరుగుతుంది.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, బిడ్డల ప్రయాణానికి పెట్టె కొనేటప్పుడు రంగు చూసి ఆగిపోకండి. లోపలి గుడ్డకు జిప్పు ఉన్నదా, చక్రం స్క్రూలతో ఉన్నదా రివెట్లతో ఉన్నదా చూడండి. విడి చక్రం దొరుకుతుందా అని దుకాణదారుని అడగండి. పిడిని పదిసార్లు లాగి చూడండి. ఎక్కడో ఒక చెయ్యి దాన్ని బిగించింది, రేపు మరొక చెయ్యి దాన్ని విప్పవలసి వస్తుంది. ఆ రెండు చేతులకూ కష్టం తగ్గించిన పెట్టెకు పదో ఇరవయ్యో ఎక్కువిచ్చినా నష్టం లేదు.