పని చేతికిస్తేనే పిల్లలు నిలుస్తారు

మా గూడేల్లో ఆరాధనకు చాపలు పరిచేది యౌవనస్థులే. డోలక్ వాయించేది వాళ్లే. క్రిస్మస్ వస్తే పందిరి వేసి, నక్షత్రం కట్టి, రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాడేదీ వాళ్లే. కానీ సంఘంలో ఏదైనా నిర్ణయం చేసేటప్పుడు వాళ్లు గుమ్మం బయట నిలబడతారు. ఇంటర్ అయ్యాక కొందరు హైదరాబాదు పనులకు, కొందరు మిర్చి కోతలకు పోతారు. పిల్లలకు భక్తి తగ్గిందని పెద్దలు బాధపడతారు. నాకేమో, మనం వాళ్ల చేతికి పని ఇవ్వలేదనిపిస్తుంది.

నేను కోయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. గోదావరి ఒడ్డు మండలంలో పంతులుగా పనిచేస్తూ, మా సంఘంలో యౌవనస్థుల కూటం చూసుకుంటున్నాను. నాకు పరిచర్య నేర్పింది మా పెదనాన్న. చదువు ఐదో తరగతే. జబ్బుపడిన వాళ్ల ఇంటికి ప్రార్థనకు పోతే నన్ను వెంటబెట్టుకుపోయేవాడు. మొదట్లో లాంతరు పట్టుకోమన్నాడు. తర్వాత వాక్యం చదవమన్నాడు. ఒక రాత్రి "ఇయ్యాల ప్రార్థన నువ్వు చెయ్యిరా" అన్నాడు. తిరిగొచ్చే దారిలో అడిగేవాడు: "ఆ ముసలమ్మ ఏం చెప్పింది? పొయ్యి రాజేసి ఉందా, చూశావా?" పొయ్యి చల్లగా ఉంటే పొద్దున్నే గంజి పట్టుకుని మళ్లీ పోయేవాళ్లం. వెంట తీసుకుపోవడం, పని అప్పగించడం, తర్వాత దాని గురించి మాట్లాడుకోవడం. ఆయన నాకు నేర్పింది ఈ మూడే. ఇప్పుడు నేను పిల్లలతో చేసేదీ ఇదే.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీరు చూడటం అదే. ఒడ్డు ఊళ్ల జనమంతా బడుల్లోకి చేరారు. మా కూటంలో అప్పుడు పదకొండు మంది. ఇంటర్ చదివే ఒక అమ్మాయికి నోటు పుస్తకం ఇచ్చి, ఏ కుటుంబంలో ఎంతమంది, ఎవరికి జ్వరం, ఎవరు గర్భిణి, అన్నీ రాయమన్నాను.

"పెద్దోళ్లు నా మాట వింటారా చిన్నాయనా?" అంది.

"నువ్వు అడుగు. నేను పక్కనే కూర్చుంటా" అన్నాను.

మూడో రోజుకు నర్సమ్మ ఆ పుస్తకం చూసుకునే మందులు పంచింది. ఆ పిల్లను ఎవరూ చిన్నపిల్ల అనలేదు.

నీరు తీశాక ఇళ్లలో బురద ఎత్తే పని వచ్చింది. మా ఊరి వడ్డె ఇల్లు బాగా పల్లంలో ఉంది. "ఆ తాత మన ప్రార్థనకు రాడు కదా. ముందు మనవాళ్ల ఇళ్లు కడుగుదామా?" అని ఒకడు అడిగాడు. బురద ఎక్కడ ఎక్కువుంటే అక్కడ మొదలుపెట్టమన్నాను. ఇంకొకడు, "ఇప్పుడు సువార్త చెబితే అందరూ వింటారు కదా" అన్నాడు. ఆకలితో ఉన్న మనిషి ఎదుటివాడి మాట కాదనలేడు. కాదనగలిగిన రోజున వాళ్లంతట వాళ్లు అడిగితే అప్పుడు చెప్పమన్నాను. అన్నం పెట్టి విశ్వాసం అడిగితే అది బేరమవుతుంది. మన గూడేల్లో ఒకే ఇంటిపేరు వాళ్లు ఇప్పటికే రెండు వైపులుగా కూర్చుంటున్నారు. సేవ పేరుతో ఆ చీలిక పెంచితే రేపు పెళ్లికీ చావుకీ ఒకరి గడప ఒకరు తొక్కరు. పిల్లలకు మిషను పని నేర్పేటప్పుడు ముందు నేర్పాల్సింది ఈ జాగ్రత్త.

యౌవనస్థులను నమ్మి పని అప్పగించడం మన నేలకు కొత్త కాదు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు, దాని స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్యకు 28 ఏళ్లు. తమిళుడైన ఆయన 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. బాప్తిస్మం పొందినవాళ్లు తమ తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటిస్తామని ఒట్టు పెట్టుకునేలా చేశారు. వాళ్లలో చాలామంది అక్షరం రాని కూలీలు. చదువుకున్నాక రండి అని ఆయన వాళ్లను ఆపలేదు. 1910లో ఎడిన్‌బరో సభలో పాశ్చాత్య మిషనరీలను ఆయన కోరింది స్నేహం. వాళ్ల త్యాగాలను ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులు కావాలన్నారు. మన యౌవనస్థులు మన దగ్గర కోరేదీ అదే.

అప్పగించిన పని మధ్యలో వదిలేసేవాళ్లూ ఉంటారు. మార్కు అలాగే పంఫూలియలో వదిలి వెళ్లిపోయాడు. పౌలు మళ్లీ వెంట తీసుకుపోనన్నాడు. బర్నబా తీసుకుపోయాడు. చివరికి పౌలే ఆ మార్కును పిలిపించుకున్నాడు. మా కూటంలో మందుల పెట్టె చూసే అబ్బాయి ఒకడు చెప్పకుండా మిర్చి కోతలకు పోయి, ఎండలు ముదిరాక తిరిగొచ్చాడు. సంఘం ముందు నిలబెట్టి అడుగుదామని కొందరన్నారు. ఇంట్లో అప్పు ఉండబట్టి పోయాడు. నేను ఆ పెట్టె తాళం మళ్లీ వాడి చేతికే ఇచ్చాను. ఈ వానాకాలం జ్వరం వచ్చిన ఇళ్లకు రాత్రిపూట పోయి, ఆసుపత్రికి బండి మాట్లాడింది వాడే.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఒక్కరిని ఎంచుకోండి, ఏడాది పాటు వెంట తిప్పండి. ముసలివాళ్లతో కోయలోనే మాట్లాడనివ్వండి. తప్పు చేస్తే దారిలో చెప్పండి, నలుగురిలో చెప్పకండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా ఎవరో వచ్చి పిలిచేదాకా ఆగకండి. మీ గూడెంలో పింఛను కాగితం చదవలేని తాత ఉంటాడు, నీళ్లు మోసుకోలేని అవ్వ ఉంటుంది. రేపు పొద్దున ఆ గడప దగ్గరికి పొండి. పోయేటప్పుడు మీకంటే చిన్నవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుపొండి.