ఉప్పుజాడీ పక్కన బ్రేక్ ఆయిల్

మాది చిలుకూరు. ఆ మాట అనగానే ఎదుటివాళ్లు చేతులు జోడించి, "వీసా బాలాజీ గారి ఊరా! మా అమ్మాయి పాస్‌పోర్టు కూడా..." అంటూ మొదలుపెడతారు. కాదండీ, ఆ చిలుకూరు హైదరాబాదు పక్కనుంది. మాది సూర్యాపేట జిల్లా, కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలో తగులుతుంది. మా ఊళ్లో వీసాలు దొరకవు. సాగర్ ఎడమకాలవ కింద పండిన వడ్లు దొరుకుతాయి. కోతలయ్యాక రోడ్డులో సగం మేర ఆ వడ్లే ఆరబోసి ఉంటాయి. మిగతా సగంలో గేదెలు నడుస్తాయి. అలాంటి ఊరికి మా అబ్బాయి పందెపు గుర్రం లాంటి కారు ఒకటి కొనుక్కొచ్చాడు.

స్పోర్ట్స్ సెడాన్ అంటారట. చూడ్డానికి మామూలు కారే. వెనక నలుగురి సామాన్లు పట్టే డిక్కీ ఉంది, పెళ్లికి వెళ్తే ముగ్గురు ఆడవాళ్లు పట్టుచీరలు నలక్కుండా కూర్చోవచ్చు. తొక్కితే మాత్రం కడుపులో పేగులు వీపుకి అంటుకుంటాయి. సెకండ్ హాండులో కొన్నాడు. వాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది చూడండి, అక్కడ. ఎండలో నిలబడి చూసొచ్చాడు. ఆ మరుసటి ఏడు ఈ కారు, ఆ పై జనవరిలో మద్రాసు ప్రయాణం. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్ ఉంది. 1990లో మొదలైంది. అంతకుముందు షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద పందేలు పెట్టుకునేవారు. కొత్తదాని చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. కొన్ని రోజుల్లో మనలాంటి వాళ్లు కూడా డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారు అందులో తిప్పుకోవచ్చు. అదేం పందెం కాదు, కప్పులూ ఉండవు. మరెందుకురా అంటే, "నువ్వు నవలలు ఎందుకు రాస్తావమ్మా?" అన్నాడు. నోరు మూసుకున్నాను.

వెళ్లొచ్చాడు. దారిలో కారు శుభ్రంగా కడిగించుకుని మరీ వచ్చాడు. మా పక్కింటి వదినగారితో గొప్పగా చెప్పుకున్నాను కూడాను, "మావాడికి ఎంత బుద్ధి వచ్చిందో చూశారూ" అని. ఆ తర్వాత, హైదరాబాదు ట్రాఫిక్‌లో దీన్ని నడపలేనంటూ కారు మా షెడ్డులో పెట్టేసి బస్సులో వెళ్లిపోయాడు. కారు ఇక్కడుంటే పండగకీ పబ్బానికీ వస్తాడు కదా అని నేను లోలోపల సంతోషించాను. తల్లుల తెలివి అంతే.

అసలు గొడవ ఈ శ్రావణంలో వచ్చింది. వచ్చే నెల మళ్లీ మద్రాసు వెళ్తాననీ, ముందు బ్రేక్ ప్యాడ్లూ బ్రేక్ ఆయిలూ మార్చాలనీ అన్నాడు. ఆయిల్ అనగానే నాకు ఉత్సాహం వచ్చింది. రెండేళ్ల కిందట మావారు పాత కారు కోసం కోదాడలో కొన్న సీసాలో సగం మిగిలితే, వంటింటి అలమారలో ఉప్పుజాడీ పక్కన భద్రంగా దాచాను. తెచ్చి చేతిలో పెట్టాను. వాడు మూత తీసి చూసి, "ఇది పనికిరాదమ్మా" అన్నాడు.

"సగం సీసా ఉందిరా! కల్లుప్పులా కరిగిపోతుందా ఏం?"

"సరిగ్గా అదే. ఉప్పే అనుకో."

ముసురు పట్టిన రోజుల్లో ఉప్పుజాడీలో చెయ్యి పెడితే తడి తగులుతుంది కదండీ. బ్రేక్ ఆయిల్ గుణమూ అదే. పేరుకి ఆయిల్ గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలో చెమ్మని పీల్చుకుంటూ ఉంటుంది. మూత తీసిన సీసాలో పీలుస్తుంది, కారులో ఉన్నా రబ్బరు గొట్టాల గుండా మెల్లమెల్లగా పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. నూటికి 3.7 పాళ్లు నీరు చేరిందా, ఆ హద్దు 155కి పడిపోతుంది. మామూలు రోడ్డు మీద ఫరవాలేదు. ట్రాక్ మీద అలా కాదు.

ఎందుకు కాదో వాడు నాకు వంటింటి లెక్కలో చెప్పాడు. 1400 కిలోల బండి గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, మలుపు ముందు 80కి దించాలి. ఆ వేగమంతా ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. ఆ ఒక్క తొక్కుడుకి పుట్టే వేడితో మూడున్నర లీటర్ల చన్నీళ్లు మరుగుకి వస్తాయి! ఒక చుట్టులో అలా ఎన్నిసార్లో. పైగా బ్రేకు వేయగానే బండి బరువు ముందుకి తూలుతుంది. ఆర్టీసీ బస్సులో నిలబడ్డవాళ్లం డ్రైవరు మీదకి పోతాం చూడండి, అలాగే. అందుకని ముందు చక్రాలే ఎక్కువ మోస్తాయి. ప్యాడ్లు కాలతాయి, ఆ కాక ద్రవానికి చేరుతుంది, అది మరిగి ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. సిరంజిలో గాలి బుడగ ఉంటే మందు కదలక బుడగే నలిగినట్టు, మనం తొక్కిందంతా ఆ బుడగే మింగేస్తుంది.

"అప్పుడేమవుతుంది?" అన్నాను.

"పెడల్ నేలకి పోతుంది."

"పుస్తకంలో చదివావా?"

వాడు మాట్లాడలేదు. సీసా మూత బిగించాడు, మళ్లీ తీశాడు, మళ్లీ బిగించాడు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచినప్పుడు చొక్కా గుండీతో ఇలాగే ఆడుకునేవాడు.

జనవరిలో, అయిదో చుట్టులో, మలుపు ముందు తొక్కితే కాలి కింద ఏమీ లేదట. రెండుసార్లు గబగబా కొడితే కాస్త పట్టిందట. బండి తిరగలేదు, తిన్నగా పక్కనున్న ఖాళీ నేలలోకి దిగి, మట్టి లేపుకుంటూ ఆగిందట. ఎవరికీ ఏమీ కాలేదు. కారు కడిగించింది అందుకు! చల్లారాక పెడల్ మళ్లీ మామూలుగా అయిపోయిందట, దాని మాయ అదే. ఆ బ్రేకులతోనే అయిదువందల పై చిలుకు కిలోమీటర్లు నడుపుకుంటూ ఇంటికొచ్చి, నా చేతి గోంగూర పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ తర్వాత ధైర్యం చాలకే కారు షెడ్డులో పెట్టాడు.

నేను తిట్టలేదు. నా నవలల్లో మూడుసార్లు కార్లకి బ్రేకులు ఫెయిలయ్యాయి. రెండుసార్లు ఘాట్ రోడ్డు మీద, ఒకసారి కథానాయిక పుట్టినరోజున. విలన్ 'బ్రేకు వైర్లు' కోసేశాడని రాశాను. కారు బ్రేకులో ఉండేది వైరు కాదు, గొట్టం అని ఒక్క పాఠకురాలూ ఉత్తరం రాయలేదు. ముచ్చెమటలు పోశాయనీ, గుండె ఆగిందనీ పేజీలు నింపిన దాన్ని, కన్నకొడుకు ఎదురుగా కూర్చుని నాలుగు ముక్కల్లో చెబితే నాకు ఒక్క విశేషణం దొరకలేదు.

"వెళ్లొద్దంటే మానేస్తావా?" అన్నాను.

"మానేస్తాను."

మానేస్తాడని తెలుసు. ఆ తర్వాత ఏం చేసినా చెప్పడనీ తెలుసు. రాత్రంతా ఆలోచించి, పొద్దున్న కాఫీ ఇస్తూ, "పద, ఏం కొనాలో చూద్దాం. డబ్బు నాది, ఎంపికలో నా మాటా ఉంటుంది" అన్నాను. మావారు పేపరు దించి మా ఇద్దరినీ చూసి, మళ్లీ ఎత్తుకున్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగాం. లారీల అంగాంగాలూ విడివిడిగా దొరికే ఆ ప్రపంచంలో చీర కొంగు నడుముకి దోపుకుని నేను. కౌంటరు మీద సీసాలు వరసగా పెడితే డాట్ 3, డాట్ 4, డాట్ 5 అని కనిపించాయి. అయిదు నాలుగు కంటే పెద్దది కదా, అదే ఇవ్వమన్నాను. కొట్టతను నవ్వాపుకుని, "అది సిలికాన్ అమ్మా, మీ బండిలో ఉన్నదానితో కలవదు" అన్నాడు. డాట్ 5.1 అని ఇంకోటుందట, అది మళ్లీ గ్లైకాలేనట. ఈ పేర్లు పెట్టినవాడెవరో గానీ ఇంట్లో ఆడవాళ్లని అడిగి ఉండడు. చివరికి పందేలవాళ్లు వాడే రకం డాట్ 4 తెప్పించుకోవాలని తేలింది. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 అని, కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. అదీ చెమ్మ పీలుస్తుంది, కనక తరచూ మార్చాలి. అర లీటరు సీసా ఖరీదు నా కథకి వచ్చే పారితోషికం కంటే ఎక్కువ.

ప్యాడ్ల దగ్గర మాత్రం నా మాట నెగ్గింది. మావాడి కన్ను అచ్చమైన రేసు ప్యాడ్ల మీద ఉంది. అవి ఎంత కాలినా పట్టు వదలవు. కానీ చల్లగా ఉన్నప్పుడు వాటికి పట్టుండదు. కాలని పెనం మీద దోసె పోసినట్టే, ముందు కాగాలి. పైగా కీచుమని అరుస్తాయి, డిస్కుని అరగదీస్తాయి. మామూలు ప్యాడ్ల గుణం దీనికి తిరగబడి ఉంటుంది. మొదటి తొక్కుకే పట్టుకుంటాయి, మరీ కాలితే వాటిలోని జిగురు పొగై జారిపోతాయి. "ట్రాక్ మీద పొద్దున్న రెండు గంటలు తిప్పుతావు. పోనూ రానూ వెయ్యి కిలోమీటర్లు రోడ్డు మీద ఉంటావు. మన ఊరి మలుపులో గేదె అడ్డం వస్తే, ఆగు తల్లీ, నా ప్యాడ్లు ఇంకా కాగలేదు అంటావా?" అని అడిగాను. కొట్టతను నా వైపు తిరిగి, "అమ్మగారు చెప్పిందే కరెక్టు సార్" అన్నాడు. రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యస్థంగా ఉండే రకం ఖాయమైంది. సరుకు అక్కడ లేదు, ఫోనులో ఆర్డరు పెడితే వారానికి వచ్చింది.

ఆ వారంలో బెర్తా బెంజ్ గురించి చదివాను. 1888 ఆగస్టులో, మొగుడు తయారుచేసిన కారుని మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తల్లిని చూడ్డానికి నడుపుకుపోయింది. నూరు కిలోమీటర్ల పైనే. దారిలో పల్లాలు దిగి దిగి చెక్క బ్రేకులు అరిగిపోతే, ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. ఈ ప్యాడ్లన్నిటికీ అదే అమ్మమ్మ. మావారికి చదివి వినిపిస్తే, "కొడుకులు ఆవిడకి నడపడం నేర్పారా, ఆవిడ కొడుకులకా?" అన్నారు. ఈయనకి అన్నీ తిరకాసు ప్రశ్నలే.

కోదాడలో మా మెకానిక్ షెడ్డుకి వెళ్లేసరికి అతని కుర్రవాడు పెళ్లికి పోయాడు. ఆయిల్ మార్చాలంటే ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర నిపుల్ తిప్పాలి. మావాడు సీసా పట్టుకుని పైన డబ్బా ఖాళీ అవకుండా పోస్తూ ఉండాలి. మిగిలింది నేను. చెప్పులు విడిచి డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"నేను చెప్పేదాకా కాలు తియ్యొద్దమ్మా. తీస్తే గాలి పీలుస్తది. తొక్కండి... పట్టుకోండి."

తొక్కి పట్టుకున్నాను. గట్టిగా ఉంది. కింద అతను నిపుల్ వదులు చేశాడు.

నా కాలి కింద పెడల్ దిగిపోయింది. నేను ఎక్కువ బలం పెట్టలేదు, అదే జారిపోయింది, చీకట్లో లేని మెట్టు మీద అడుగేసినట్టు. పాదం నేలకి తగిలింది. కారు జాకీల మీద ఉందని తెలుసు, కోదాడ షెడ్డులో పట్టపగలని తెలుసు, అయినా రెండు చేతులూ స్టీరింగుని బిగించి పట్టుకున్నాయి. ఎదురుగా అద్దంలోంచి బానెట్ కింద సీసాతో వంగిన మావాడి తల కనిపిస్తోంది. వాడికి ఇలా జరిగినప్పుడు ఎదురుగా మలుపు ఉంది.

కాలు వణికింది. తియ్యలేదు.

"బిగించిన. వదలండమ్మా."

నాలుగు చక్రాలకీ ఎన్నిసార్లు తొక్కానో లెక్కలేదు. అతను కింద పట్టిన సీసా చూపించి, "ఏందమ్మా ఇది, డికాక్షన్ లెక్కుంది" అన్నాడు. మెల్లగా రంగు తేలి తేనెలోకి వచ్చింది. మా ఇంటి సగం సీసా కూడా ఆ పాత ఆయిల్ డబ్బాలోనే కలిపేశాడు. అది కాలవలో పారబోయకూడదట, కారు పెయింటు మీద పడ్డా తినేస్తుందట. అలాంటిది రెండేళ్లు నా ఉప్పు పక్కన ఉంది!

కొత్త ప్యాడ్లని మచ్చిక చెయ్యాలి. రెండోరోజు తెల్లవారుజామున, వెనకా ముందూ ఎవరూ లేని రోడ్డు చూసుకుని, వేగం తొంభైకి పెంచడం, పూర్తిగా ఆపకుండా ఇరవైకి దించడం, మళ్లీ పెంచడం, పదిసార్లు. వెనక అద్దం చూస్తూ లెక్కపెట్టే పని నాది. కాలిన వాసన వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పాడు. తర్వాత ఎక్కడా ఆగకుండా మెల్లగా తిప్పుతూ చల్లార్చాడు. పాలబండి అతను ఒకచోట మమ్మల్ని దాటుతూ చాలా జాలిగా చూశాడు, అమ్మా కొడుకూ పోట్లాడుకుంటున్నారనుకున్నాడేమో.

మద్రాసు నేనూ వెళ్లాను. ట్రాక్ వెలుపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కో చుట్టూ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాను. అయిదోది దాటేదాకా మంచినీళ్లు తాగలేదు. ఏడు తిరిగి, ఎనిమిదోది చల్లార్చడానికని మెల్లగా తిరిగి, వచ్చి ఆపాడు. ముందు చక్రాల దగ్గర గాలి సెగలా కదులుతోంది. అలవాటు కొద్దీ హాండ్‌బ్రేక్ లాగబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలి ఉన్నప్పుడు లాగితే ప్యాడ్లు డిస్కుకి అంటుకుని మచ్చ పడుతుందట.

"ఎలా ఉంది?" అన్నాను.

"నువ్వే చూడు" అని దిగాడు.

చెప్పులు విడిచి ఎక్కి కూర్చుని తొక్కాను. సన్నికల్లు మీద కాలు పెట్టినట్టుంది.