ఉన్నత పాఠశాల విద్యార్థులు – ఆంగ్ల వ్యాకరణము, పఠనాభ్యాసము

మా ఖటక్ చించోళి బీదరు జిల్లా భాల్కి తాలూకాలోని గ్రామము. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినప్పుడు పూర్వపు బీదరు జిల్లా మూడు భాగములయ్యెను. ఉద్గీరు, నిలంగా, అహమదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును, జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును పోగా, మిగిలిన భాగము మైసూరు రాష్ట్రమున చేరెను. అందుచేత ఇచ్చటి తెలుగు కుటుంబముల బిడ్డలు ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో మరాఠీ, వీధిలో దక్కనీ ఉర్దూ వినుచు పెరుగుచున్నారు. ఇన్ని భాషలు వచ్చిన బిడ్డలకు ఆంగ్ల మొక్కటి కొరుకుడు పడకుండుట వింతగా తోచును. దానికి కారణమేమో, చేయదగిన ఉపాయమేమో నాకు తోచినంతవరకు మనవి చేసెదను.

ఇంటి భాష ఒకటి, దర్బారు భాష మరియొకటి యగుట మా సీమకు క్రొత్త కాదు. మహమూదు గవాను 1472లో బీదరున కట్టించిన మదరసాలో అరబ్బీ, పారశీక విద్యలు వెలసినవి. నిజాము ప్రభుత్వమున తొలుత పారశీకము, పిమ్మట ఉర్దూ రాజభాషలైనవి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధించుచునే ఆంగ్లమును తప్పనిసరి పాఠ్యముగా నుంచెను. భాష మారినప్పుడెల్ల చదువ నేర్చిన వాని గుమ్మము చెంత తక్కినవారు కాగితము పట్టుకొని నిలువవలసి వచ్చెను. గుమాస్తా ఉద్యోగము చేసినన్నాళ్లును అట్టి వారిని నేను ప్రతిదినమును చూచితిని. కాగితము వారిది, పొలము వారిది, గడువు వారిది. అందేమున్నదో చెప్పవలసినవాడు మాత్రము ఇతరుడు. ఆంగ్ల పఠనమును గూర్చిన నా చింత అంతయు ఇందుండియే పుట్టినది.

ఉద్యోగ విరమణానంతరము సాయంకాలములందు మా అరుగు మీదికి కొందరు ఉన్నత పాఠశాల విద్యార్థులు వచ్చుచున్నారు. కన్నడ మాధ్యమమున చదువు వీరికి కన్నడము ప్రథమ భాష, ఆంగ్లము ద్వితీయ భాష, హిందీ తృతీయ భాష. వ్యాకరణము వీరికి రాదనుట పొరపాటు. కర్తరి వాక్యమును కర్మణిగా మార్చుమన్న చిటికెలో మార్చెదరు. రెన్, మార్టిన్ అను దొరలు 1930వ దశకమున రచింపగా, పిమ్మట ఎన్.డి.వి. ప్రసాదరావుగారు సంస్కరించిన వ్యాకరణ గ్రంథములోని సూత్రములు కొందరికి కంఠస్థములు. కాని ఆ కర్మణి వాక్యమే యొక నోటీసులో కనబడిన యెడల, ఎవరు ఎవరిని ఏమి చేయుమనుచున్నారో చెప్పలేరు. సూత్రము పరీక్ష కాగితము మీదనే నిలిచిపోయినది. చదువునప్పుడు అక్కరకు రాలేదు.

చిక్కు ముఖ్యముగా వాక్యక్రమమున నున్నది. తెలుగున క్రియ చివర వచ్చును. ఆంగ్లమున కర్తను వెన్నంటి వచ్చును. 'నిన్న ఉత్తరము తెచ్చిన మనిషి' యని మనము విశేషణమును ముందు చెప్పి మనిషిని చివర చెప్పుదుము. ఆంగ్లేయుడు మనిషిని ముందు చెప్పి, 'హూ' అను మాట పెట్టి, తక్కిన కథ తరువాత చెప్పును. కన్నడమును మన తోవనే నడచును గనుక బడిలోని బోధనాభాష వలన ఈ చిక్కు విడిపోదు. మా వీధులలోని దక్కనీ సైతము 'కల్ ఆయా సో ఆద్మీ' యని మన పోకడనే పట్టినది. అయితే హిందీ పాఠములోని 'జో' అను శబ్దము 'వో ఆద్మీ జో కల్ ఆయా థా' యని మనిషి తరువాత వచ్చును. ఆంగ్లములోని 'హూ' పనియు ఇదియే. మూడవ భాషగా నేర్చిన హిందీని ఆంగ్లమునకు మెట్టుగా చూపినంతనే బిడ్డల ముఖములు వికసించుట నేనెరుగుదును.

ఈ కష్టము మనకే కలదనుకొనరాదు. చీనాదేశపు ఉన్నత పాఠశాల విద్యార్థుల సంగతి చూడుడు. అచట 1977లో పునరుద్ధరింపబడిన 'గావ్‌కావ్' అను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఆంగ్ల పఠనమునకు పెద్ద భాగము కలదు. చీనా భాషలో కర్త, క్రియ, కర్మ అను వరుస ఆంగ్లమువలెనే యుండును. ఆ మేరకు వారికి సుళువు. కాని క్రియకు కాలమును తెలుపు ప్రత్యయములు లేవు గనుక భూతకాల రూపములు వారిని తడబెట్టును. మన బిడ్డలకు కాలభేదము తల్లిపాలతో వచ్చినదే. 'నిన్న వచ్చిన మనిషి' యను చోట మాత్రము చీనాభాషయు మనవలె విశేషణమునే ముందుంచును. కాబట్టి వ్యాకరణమును అందరికి ఒకే తీరున వల్లింప జేయుటకంటె, ఏ భాషవానికి ఏ చోట కాలు జారునో గుర్తించి అచ్చట చేయూత నిచ్చుట మేలు.

ఇక చిన్న మాటల సంగతి. కార్యాలయపు కాగితములలో పెద్ద మాటలకంటె చిన్న మాటలే మనుష్యుని ముంచును. 'అన్‌లెస్ ది ఫీ ఈజ్ పెయిడ్' అనిన 'ఫీజు చెల్లించని యెడల' అని యర్థము. అందు 'నాట్' అను మాట కంటికి కనబడదు. కావున బిడ్డలు దానిని 'చెల్లించినచో' యని తలక్రిందులుగా గ్రహింతురు. 'ఆన్ ఆర్ బిఫోర్' అన్నచో ఆ తేదీ కూడ గడువులో చేరును. వట్టి 'బిఫోర్' అన్నచో ముందటి దినముతోనే సరి.

రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక పంటబీమాకు సంబంధించిన ఉత్తరము తెచ్చినది. తండ్రి కందిచేను వానలకు దెబ్బతిన్నది. ఉత్తరములో 'ప్రొవైడెడ్' అను మాట యుండెను. ఆమె నిఘంటువు చూచి, కాగితములు 'ఇయ్యబడినవి' యని యర్థము చెప్పగా, ఇంటివారు నిశ్చింతగా నుండిరి. నేను, "అమ్మా, ఈ వాక్యమున క్రియ యేది?" అని యడిగితిని. ఆమె వ్రేలితో వెదకి, "తాతా, 'విల్ బి కన్సిడర్డ్' కదా క్రియ! మరి ఇదేమి?" అనెను. అది క్రియ కాదనియు, 'ఇచ్చిన పక్షమున' అను షరతు అనియు అప్పుడు తేలెను. గడువు ఇంక మూడు దినములే యున్నది. మరునాడే తండ్రి పహణి, బ్యాంకు పాసుపుస్తకము తీసికొని పోయి సమర్పించెను. సొమ్ము వచ్చుట, రాకపోవుట వేరు మాట. అడుగు హక్కు మాత్రము పోలేదు.

మైకేల్ వెస్ట్ అను విద్యావేత్త ఢాకాలో పనిచేసి, 1926లో వెలువడిన తన గ్రంథమున ఈ విషయమే చర్చించెను. బీమా పాలసీని నడుమ విడిచినను కొంత 'సరెండర్ విలువ' చేతికి వచ్చునట్లు, చదువును నడుమ మానిన బిడ్డకు కూడ ఏదో ఫలము దక్కవలెననియు, అందులకు పఠనశక్తియే ముందుగా నేర్పదగినదనియు ఆయన వాదము. పదవ తరగతితో చదువు ముగించు మా గ్రామీణ బాలబాలికలకు ఇది నేటికిని వర్తించును. 1979 నుండి 1984 వరకు బెంగళూరు, మద్రాసు మొదలగు చోట్ల ఎన్.ఎస్. ప్రభుగారు నడపిన ప్రయోగమున రైలు వేళల పట్టికలు, పటములు ఇచ్చి, ప్రశ్నలు వేసి పాఠము చెప్పిరి. మనస్సు అర్థము మీద లగ్నమైనప్పుడు వ్యాకరణము తానై పట్టువడునని ఆయన మతము. సూత్రములు బొత్తిగా వలదని నేననను. చదివిన వాక్యమునుండి సూత్రమును చూపిన అది చిరకాలము నిలుచును.

మా అరుగు మీది పద్ధతి మిక్కిలి సామాన్యము. దినమునకు పది పంక్తులు చాలును. పురుగుమందు డబ్బా మీది చీటీయో, రైలు టిక్కెట్టు వెనుకటి నిబంధనయో, వార్తాపత్రికలోని ముక్కయో తీసికొందుము. మొదట క్రియను వెదకి గీత గీయవలెను. పిమ్మట చేయువాడెవడో అడుగవలెను. మూడవది, షరతు తెలుపు చిన్న మాటలకు చుట్టు సున్న చుట్టవలెను. కడపట అర్థమును తెలుగున ఒక్క వాక్యముగా వ్రాయవలెను. ఈ కడపటి పని వలన మరియొక లాభము కలిగినది. కన్నడ లిపి వచ్చిన బిడ్డకు తెలుగు లిపి కొలది వారములలో పట్టువడును. రెండును ఒక తల్లి బిడ్డలే కదా! ఇంట తెలుగు మాటలాడుచు తెలుగు చదువలేని బిడ్డలు ఆంగ్లము పుణ్యమా యని మాతృభాషలో వ్రాయ మొదలిడిరి.

పరీక్షలో మార్కులు వచ్చునా యని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ యడుగుటలో తప్పు లేదు. కూలి చేసి చదివించువారికి మార్కులే కనబడు ఫలము. అర్థము చేసికొని చదువువానికి మార్కులకును లోటుండదని వారికి చెప్పుచున్నాను. పొరుగు రాష్ట్రములలోని తెలుగు సంఘములవారు పండుగలు, నాటకములు జరుపుచున్నారు, సంతోషమే. వారమున కొక గంట సంఘ మందిరపు తలుపు తెరచి, చదువ వచ్చిన పెద్ద యొకడు నలుగురు బిడ్డలతో కూర్చుండి పది పంక్తులు చదివించిన, ఆ నాలుగు ఇండ్లవారు తమ కాగితములను తామే చదువుకొందురు. దీనికి వలయు ద్రవ్యము పాత వార్తాపత్రికయు, ఒక పెన్సిలును మాత్రమే.