రెండు రోజులు ఎక్కువ

జూన్ నెల వచ్చిందంటే మా ఇంట్లో రెండే పనులు. ఆవకాయ కలపడం, అమ్మాయి పెట్టెలు తూకం వెయ్యడం. ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. తూకం ఎక్కువొచ్చినప్పుడల్లా అది బట్టలు తీసేస్తుంది, నేను పచ్చడి తియ్యనివ్వను.

2025 జూన్ 23న కూడా అదే గొడవ పడి, సాయంత్రం ఏడింటికి ఖమ్మం నుంచి బయల్దేరాం. అమ్మాయి, నాలుగేళ్ళ మనవడు డాలస్ వెళ్ళాలి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున విమానం ఎక్కి, దోహాలో మారాలి.

ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం జూన్ 13 నుంచి నడుస్తూనే ఉంది. ఆ దేశాల మీదుగా విమానాలు పోవట్లేదని రోజూ వింటున్నాం. ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ కూడా మన విమానాల్ని తన మీదుగా పోనివ్వట్లేదు. "మనది దోహా దారి, దానికేం కాదులే" అని మా వారి ధీమా. నకిరేకల్ దాటాక భోజనానికి ఆగితే, హోటల్ టీవీలో ఖతార్ తన గగనతలాన్ని మూసేసిందని స్క్రోలింగ్ వస్తోంది. మేం చేతులు కడుక్కునేలోపే దోహా దగ్గరున్న అల్ ఉదెయిద్ అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిందని చెప్పారు. అంతకు ముందురోజే అమెరికా ఇరాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేసింది, దానికి బదులట.

అమ్మాయి ముఖం పాలిపోయింది. అల్లుడికి ఫోను చేస్తూనే ఉంది. నేను మాత్రం పెరుగన్నం కలుపుతూ తల వంచుకున్నాను. ఎందుకంటే, మీకు కాబట్టి చెప్తున్నాను, నా మనసులో మొదట వచ్చింది భయం కాదు. 'అయితే ఈ రాత్రికి వెళ్ళదన్నమాట' అని. ఆ వెంటనే సిగ్గేసింది. ఎక్కడో క్షిపణులు పడుతుంటే సంతోషించే మనిషినా నేను?

శంషాబాద్ చేరి లోపలికెళ్ళిన అమ్మాయి, గంటలో పెట్టెల బండితో బయటికొచ్చేసింది. విమానం రద్దు. మళ్ళీ ఎప్పుడో పొద్దున చెప్తారట. పిల్లాడు పెట్టెల మీదే నిద్రపోయాడు. "ఎక్కడో వాళ్ళు కొట్టుకుంటే, ఇక్కడ మనకి ఈ తిప్పలేంటే" అని మా వారు విసుక్కున్నారు.

నాకైతే అది కొత్తగా అనిపించలేదు. మా పుట్టిల్లు భద్రాచలం. మా ఊళ్ళో చినుకు పడకపోయినా గోదావరి పెరుగుతుంది. పైన ప్రాణహితలోకో, ఇంద్రావతిలోకో వరదొస్తే మా మెట్లు మునుగుతాయి. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులొచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అమ్మ ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున. ఖమ్మంలో బస్సులున్నాయి, డ్రైవర్లున్నారు, నా చేతిలో డబ్బులున్నాయి. దారే లేదు. నీళ్ళు తీశాక కూడా బస్సులు వెంటనే ఎప్పట్లా తిరగలేదు.

ఇక్కడా అంతే. మా అమ్మాయి ఎక్కాల్సిన విమానం ముందు దోహా నుంచి మనుషుల్ని ఎక్కించుకుని ఇక్కడికి రావాలి. వాళ్ళని దించి, వీళ్ళని ఎక్కించుకుని తిరిగి పోవాలి. అది అక్కడ లేవకపోతే ఇక్కడ ఎక్కడానికి ఏమీ లేదు. మనకి మూడు కావస్తుండగా గగనతలం తెరిచారని ఫోన్లో వచ్చింది. "మరింకేం, పోవచ్చుగా" అన్నాను. "అలా కాదమ్మా, దోహాలో దిగాల్సిన విమానాలన్నీ దారి మళ్ళి తలో ఊళ్ళో దిగాయి. పైలట్లు ఇన్ని గంటలే నడపాలని లెక్కుంటుంది. అవన్నీ మళ్ళీ ఓ చోటికి చేరాలిగా" అంది అమ్మాయి.

కింద, వచ్చేవాళ్ళ కోసం కాచుకునే చోట బెంచీ దొరికింది. పక్కన ఒకామె, ఇద్దరు ఆడపిల్లలతో. జగిత్యాల వైపు నుంచి జీపు మాట్లాడుకుని వచ్చారట. చిన్నది బంతిపూల దండ వొళ్ళో పెట్టుకుని కునుకుతోంది. పులిహోర డబ్బా తెరిచి పిల్లలకి పెట్టాను.

"ఎవరొస్తున్నారమ్మా?" అని అడిగాను.

"మా ఆయన, అక్కా. దోహాల పని జేస్తడు. రెండేండ్లాయె పోయి. గీ చిన్నదానికి నాయిన మొఖం యాదికి లేదు. పదింటికి ఎయిర్‌పోర్టులనే ఉన్న అని ఫోన్ జేసిండు. గప్పటి సంది కలుస్తలేదు."

నాకు చెయ్యి ఆగిపోయింది. నా కూతుర్ని నా దగ్గర ఉంచిన విమానమే ఈమె మొగుణ్ణి తీసుకురాని విమానం.

"మీ బిడ్డ పోవుడా?" అంది. తలూపాను. పెట్టెల మీద పడుకున్న మనవణ్ణి చూసి నవ్వింది. "మంచిగాయె తియ్యక్కా. ఇంకో రెండు దినాలు మీ దగ్గర్నే ఉంటరు."

సాయంత్రం నుంచి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట అది. ఆమె ఏ ఉక్రోషమూ లేకుండా నా ఎదుటే అనేసింది. నాకేం చెప్పాలో తెలియక, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు దాటాక ఆమె ఫోను మోగింది. "ఎక్కడున్నవ్? తిన్నవా?" అని మాత్రం అడిగింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందట, ఇంకేం లేదు. మా అమ్మాయి కూడా ఏడ్చింది. నంబర్లు మార్చుకున్నాం.

మేం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. ఎల్లుండికి టికెట్ మార్చి ఇచ్చారు. ఆ రెండు రోజులూ మనవడు నా పక్కనే పడుకున్నాడు. పెట్టెలోంచి ఒక ఆవకాయ సీసా తీసి, వేడన్నంలో కలిపి అందరం తిన్నాం. మధ్యమధ్యలో నా కళ్ళు ఫోను మీదకే పోయేవి.

బుధవారం పొద్దున ఆమే చేసింది. "వచ్చిండక్కా. చిన్నది ముందుగాల దగ్గరికి పోలే, ఇప్పుడు సంక దిగుతలేదు" అంది. వెనకాల పిల్లల అరుపులు వినిపించాయి. అప్పుడు గానీ నాకు అన్నం సయించలేదు.

ఆ రాత్రే మళ్ళీ పెట్టెలు తూచాం. ఒక సీసా తగ్గింది కదా, ఈసారి సరిగ్గా 23 కిలోలకి వచ్చింది. అమ్మాయి వెళ్ళిపోయింది.